అమ్మకో నాయనకో క్యాన్సర్ వైద్యం నడుస్తుంటే ఇంట్లో చూసుకునేవాళ్లు ఎలా నెట్టుకురావాలి

తిరుపతికి వైద్యానికి వచ్చిపోయే కుటుంబాలు మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలు నాలుగే. రాత్రి పది దాటాక జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొచ్చా? నోటికేదీ పోవడం లేదు, ఏం పెట్టాలి? జబ్బు పేరు అమ్మకు చెప్పాలా, వద్దా? నాలుగోది మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు: నా వల్ల కావడం లేదు, ఏం చెయ్యాలి?

ఆ నాలుగో ప్రశ్న చాలామంది అడిగేది ఓపిక తక్కువై కాదు. మాత్రల వేళలు, కీమో తేదీలు, రిపోర్టులు, ఆసుపత్రి కాగితాలు, చుట్టాల ఫోన్లు, డబ్బు లెక్కలు అన్నీ ఒక్కరి తలలోనే ఉంటాయి. ఆ మనిషి ఒక పూట పడుకుంటే ఇల్లు ఆగిపోతుంది. కాబట్టి కింద చెప్పే ప్రతి పనికీ గురి ఒక్కటే పెట్టుకోండి: మీరు నాలుగు గంటలు ఇంట్లో లేకపోయినా, ఫోన్ ఎత్తకపోయినా, ఇంకొకరు పుస్తకం చూసి పని నడపగలగాలి.

ఇది పెద్దవాళ్లకు కీమో, రేడియేషన్ నడుస్తున్న ఇళ్ల కోసం. మందుల మోతాదు విషయంలో మీ డాక్టరు మాటే లెక్క.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- 200 పేజీల నోటుబుక్కు. పెన్ను దారంతో దానికే కట్టేయండి.
- డిజిటల్ థర్మామీటర్లు రెండు. అర్ధరాత్రి ఒకటి పనిచేయకపోతే రెండోది అందుకోవచ్చు.
- ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు, ఏడు రోజుల మాత్రల డబ్బా (రోజుకు నాలుగు గదులది)
- బరువు తూచే మిషను. షుగర్ ఉంటే గ్లూకోమీటర్.
- మెత్తటి టూత్ బ్రష్, ఉప్పు, వంట సోడా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది
- వాడి పారేసే గ్లౌజులు ఒక డబ్బా, మాస్కులు, మూత ఉన్న బకెట్
- తలుపు పక్కన ఒక సంచి: రెండు జతల బట్టలు, దుప్పటి, చార్జరు, నీళ్ల సీసా, కార్డుల జిరాక్సులు, కొంత నగదు

1. పుస్తకం తెరవండి

మొదటి పేజీలో ఇవి రాయండి: రోగి పేరు, వయసు, జబ్బు పేరు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు, వాడుతున్న కీమో మందుల పేర్లు, పడని మందులు, బీపీ షుగర్ మాత్రలు, డాక్టరు పేరు, వార్డు నంబరు, ఆసుపత్రి అత్యవసర నంబరు. క్యాజువాలిటీలో మీరు కంగారు పడుతున్నప్పుడు ఈ పేజీ మీ తరఫున మాట్లాడుతుంది.

తర్వాత రోజుకో పేజీ. ఇలా ఉంటే చాలు:

మంగళవారం, కీమో అయి 9వ రోజు. పొద్దున 7: జ్వరం 98.4. బరువు 52. ఇడ్లీ ఒకటిన్నర. వాంతి మాత్ర 7:30. 10 గంటలకు జావ అర గ్లాసు. మధ్యాహ్నం అన్నం నాలుగు ముద్దలు, గుడ్డు ఒకటి. విరేచనం లేదు, ఇది రెండో రోజు. నొప్పి 3. సాయంత్రం 6: జ్వరం 99.1. నోట్లో కుడివైపు పుండు. డాక్టరును అడగాలి: మలబద్ధకానికి మందు మార్చాలా?

"డాక్టరును అడగాలి" అన్న వాక్యం ఏ రోజూ వదలొద్దు. ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. అక్కడ గుర్తుచేసుకుంటూ కూర్చుంటే సగం మరిచిపోతారు. ఇంట్లోనే పుస్తకం తిరగేసి మూడు ప్రశ్నలు ఎంచుకుని, ముఖ్యమైనది మొదట అడగండి.

ఎక్కువమంది చేసే తప్పు ఏమిటంటే, బాగాలేని రోజు మాత్రమే రాయడం. బాగున్న రోజు కూడా రాస్తేనే తేడా తెలుస్తుంది.

2. కాగితాలు ఒక వరసలో పెట్టండి

ఫైలులో తేదీ వరసన, కొత్తది పైన: బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు, దానితో వచ్చిన ప్రత్యేక పరీక్షలు, స్కాన్ రిపోర్టులు, ఆపరేషన్ నోట్సు, ప్రతి కీమోకూ ఇచ్చిన డిశ్చార్జి కాగితం, రక్తపరీక్షలు. స్కాన్ సీడీలు విడి కవరులో. అన్నింటికీ ఫోన్‌లో ఫోటోలు తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి.

బయాప్సీ స్లైడులు, ఆ ముక్కను దాచి ఉంచిన మైనం బ్లాకులు ఎక్కడున్నాయో కనుక్కోండి. రెండో అభిప్రాయానికి వేలూరు వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా మొదట అడిగేవి అవే. తీసుకునేటప్పుడు బ్లాకు మీద నంబరూ రిపోర్టు మీద నంబరూ ఒకటేనా అని అక్కడే సరిచూడండి.

డబ్బు సంగతి: తిరుపతిలో స్విమ్స్, అలిపిరి దగ్గర 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి, రుయా ఉన్నాయి. ఏ ఆసుపత్రిలో చేరినా బిల్లు కట్టకముందే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరుకు వెళ్లండి. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పథకమే అది. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు చేతిలో ఉండాలి. మీ వైద్యం పథకంలోకి వస్తుందా, ఏ పరీక్ష బయట పడుతుంది, తర్వాతి విడతకు మళ్లీ అనుమతి ఎప్పుడు పెట్టాలి అని ఈ మూడూ అక్కడే అడగండి. సందేహముంటే 104కు ఫోన్ చేయండి. స్విమ్స్‌లో అయితే టీటీడీ ప్రాణదాన ట్రస్టు సాయం గురించి కూడా విచారించండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టాలనుకుంటే అసలు బిల్లులు ఒక్కటీ పారేయొద్దు.

రైల్లో వెళ్లేవాళ్లకు: క్యాన్సర్ రోగికి వైద్యం కోసం చేసే ప్రయాణంలో స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తి ఉచితం. తోడు వెళ్లేవాళ్లకు అవే తరగతుల్లో 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత నమూనా సర్టిఫికెట్ కావాలి. బంగారం తాకట్టుకు పోకముందే ఈ దారులన్నీ చూడండి.

3. జ్వరం: ఇదొక్కటీ కంఠతా రావాలి

కీమో ఇచ్చాక రక్తంలో క్రిములతో పోరాడే తెల్లకణాలు సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోతాయి. గోడ క్యాలెండర్‌లో ఆ రోజుల చుట్టూ ఎర్రగీత గీయండి. ఆ వారం పొద్దునా సాయంత్రం జ్వరం చూసి రాయాలి. మీ మందుకు ఆ రోజులు వేరుగా ఉండొచ్చు, డాక్టరును అడిగి గీయండి.

కొలిచే పద్ధతి: కాఫీ, జావ తాగి 20 నిమిషాలు ఆగండి. థర్మామీటరు మొన నాలుక కింద, మధ్యలో కాకుండా పక్కకు పెట్టి, పెదవులు మూసి, కూత వచ్చేదాకా కదపొద్దు. చంకలో పెడితే నోట్లో కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది. చంకలో 99.5 దాటితే నోట్లో పెట్టి మళ్లీ చూడండి. నోట్లో పుండ్లుండి పెట్టలేకపోతే చంకలో వచ్చిన ఆ అంకెనే డాక్టరుకు చెప్పండి. ఆసనంలో ఎప్పుడూ పెట్టకూడదు, అక్కడ గీరుకుంటే క్రిములు లోపలికి పోతాయి.

నోట్లో 100.4 వచ్చిందంటే ఆసుపత్రికి బయలుదేరడమే. తెల్లారేదాకా ఆగకూడదు. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. జ్వరం లేకపోయినా వణుకు పుట్టినా, మనిషి మబ్బుగా మాటలు తడబడుతున్నా అంతే.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, ముందు ఒక డోలో వేసి చూద్దామనుకోవడం. మాత్ర జ్వరాన్ని దించుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ అలాగే ఉంటుంది. ఆసుపత్రికి చేరేసరికి థర్మామీటరు 99 చూపిస్తుంది, మిమ్మల్ని వరసలో కూర్చోబెడతారు. డాక్టరుతో మాట్లాడకుండా జ్వరం మాత్ర వేయొద్దు.

క్యాజువాలిటీ తలుపు దగ్గర చెప్పాల్సిన మాట ఇది: "కీమో నడుస్తోంది. చివరిది ఫలానా తేదీన ఇచ్చారు. ఇప్పుడు జ్వరం 101. తెల్లకణాలు తగ్గి ఉండొచ్చు." ఈ నాలుగు ముక్కలు వింటే వాళ్లకు పరిస్థితి అర్థమవుతుంది. ఇలాంటి జ్వరానికి మొదటి యాంటీబయాటిక్ చేరిన గంటలోపు పడాలన్నది వైద్యుల నియమం. కాబట్టి ఓపీ చీటీ కోసం అరగంట నిలబడకండి, సిస్టర్‌ను పిలిచి చెప్పండి.

కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు వాళ్లు దీన్ని ముందే ఆలోచించుకోవాలి. అర్ధరాత్రి తిరుపతి దాకా రావడం కంటే, మీకు దగ్గర్లో 24 గంటలు డాక్టరుండే ఆసుపత్రిలో మొదటి ఇంజెక్షన్ వేయించుకుని రావడం మేలేమో మీ క్యాన్సర్ డాక్టరును అడగండి. ఏ మందు ఇవ్వాలో ఒక ఉత్తరం రాయించుకుని ఫైలులో మొదటి కవరులో పెట్టండి. 108 కాకుండా రాత్రిపూట పిలిస్తే వచ్చే ఆటో, కారువాళ్ల నంబర్లు రెండు రాసుకోండి. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి అలిపిరి రోడ్డు ఎలా ఉంటుందో తెలిసిందే. ఎర్రగీత వారం ఆ రోజుల్లో పడితే ఒక రోజు ముందే ఊళ్లో దిగి ఉండండి.

రక్తపరీక్ష కాగితం మీరే చదువుకోవచ్చు. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్ (తెల్లకణాల్లో ఒక రకం) శాతంతో గుణించి 100తో భాగించండి. మొత్తం 2,000, న్యూట్రోఫిల్స్ 40 శాతం అయితే 800 అన్నమాట. ఆ అంకె 1,000 కిందికి పోతే గుంపుల్లోకి, జలుబున్నవాళ్ల దగ్గరకు వెళ్లకుండా కట్టుదిట్టం చేయాలి. 500 కిందికి పోతే ప్రమాదం బాగా ఎక్కువ, అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

4. కీమో రోజు, ఆ తర్వాతి 48 గంటలు

ముందు రోజే రక్తపరీక్ష చేయించి రిపోర్టు తెచ్చుకోండి. లేకపోతే పొద్దున అయిదింటికి చిత్తూరులో బస్సెక్కి వచ్చి, కణాలు తక్కువున్నాయని వెనక్కి పోవాల్సి వస్తుంది. పొద్దున ఇడ్లీ లాంటిది తేలిగ్గా పెట్టండి. బీపీ, షుగర్ మాత్రలు ఆ రోజు వేయాలా అన్నది ముందే అడిగి రాసుకోండి.

సెలైన్ ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర మంట, వాపు, బిగువు అనిపిస్తే అప్పుడే సిస్టర్‌కు చెప్పాలి. పెద్దవాళ్లు "అయిపోవస్తోందిలే" అని ఓర్చుకుంటారు. కొన్ని మందులు నరం బయటకు పోతే చర్మం కాలినట్టు అవుతుంది. అరగంటకోసారి మీరే చెయ్యి చూడండి.

వాంతుల మాత్రలు వాంతి వచ్చాక వేసేవి కావు. మొదటి రెండు మూడు రోజులు చీటీలో ఉన్న వేళకు ఇచ్చేయాలి. కీమోతో పాటు స్టెరాయిడ్ ఇస్తారు గనుక ఆ రెండు మూడు రోజులు షుగర్ ఎగబాకుతుంది, నిద్ర పట్టదు. షుగర్ ఉన్నవాళ్లకు రోజూ చూసి రాయండి.

కీమో మందు ఒంట్లోంచి మూత్రం, మలం, వాంతి ద్వారా బయటకు పోతుంది. 48 గంటల పాటు:

- వాటిని ఎత్తేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. తీశాక చేతులు సబ్బుతో కడగండి.
- కమోడ్ అయితే మూత వేసి రెండుసార్లు నీళ్లు వదలండి. మామూలు మరుగుదొడ్డిలో చిందకుండా మెల్లగా రెండు బకెట్లు పోయండి. మగవాళ్లు కూర్చునే మూత్రం పోయాలి.
- తడిసిన బట్టలు విడిగా రెండుసార్లు ఉతకండి. గర్భిణులు వాటిని ముట్టుకోకూడదు.

జాగ్రత్త అంతవరకే. క్యాన్సర్ అంటుకునేది కాదు. కంచం, గ్లాసు విడిగా పెట్టడం, మనవల్ని దగ్గరకు రానివ్వకపోవడం వద్దు. పిల్లలకు జలుబు, జ్వరం లేకపోతే పక్కన కూర్చోనివ్వండి. విడిగా పెట్టిన కంచం చూసి ఆ పెద్దమనిషి పడే బాధకు ఏ మాత్రా లేదు.

ఇంట్లో వేసుకునే కీమో మాత్రలైతే ఇంకో చిక్కు. కెపసిటాబిన్ లాంటివి సాధారణంగా 14 రోజులు వేసి 7 రోజులు ఆపాలి, అదీ తిన్న అరగంటలోపు. డబ్బాలో మిగిలాయి కదా అని ఆపాల్సిన వారం కూడా వేసేసే ఇళ్లున్నాయి. క్యాలెండర్‌లో ఆ ఏడు రోజులకు పెద్ద ఇంటూ గుర్తు వేయండి.

5. తిండి, నోరు

మూడు పూటల భోజనం లెక్క మరిచిపోండి. రెండు గంటలకోసారి పిడికెడు. ఎదురుగా పెద్ద కంచం పెట్టి "తినమ్మా, తినమ్మా" అని నిలబడితే చూడగానే కడుపు నిండిపోతుంది.

మన ఇళ్లలో ఉన్నవాటితోనే బలం వస్తుంది. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఉడికిన గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలల్లో 6 నుంచి 7, గుప్పెడు చెనిక్కాయల్లో 7. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, ఒక గుప్పెడు చెనిక్కాయల పొడి, రెండు పూటలా గట్టిపప్పు పోతే చాలావరకు చేరినట్టే. మాంసం, చేప తినేవాళ్లకు మెత్తగా ఉడికించి పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క డాక్టరును అడిగి మార్చుకోవాలి.

జావ ఇలా కాయండి. రెండు పెద్ద చెంచాల రాగిపిండి అర గ్లాసు చల్లనీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ఒక గ్లాసు మరిగే నీళ్లలో పోసి, సన్నసెగన పది నిమిషాలు తిప్పుతూ ఉండాలి. పచ్చివాసన పోయాక దించి, కాచిన పాలు అర గ్లాసు, చెనిక్కాయల పొడి ఒక చెంచా కలపండి. వేడివేడిగా వద్దు, గోరువెచ్చగా ఇవ్వండి. వేడి కూరల ఘాటు వాసనకే చాలామందికి కడుపులో తిప్పుతుంది. సంగటి ఇష్టమైతే మెత్తగా కెలికి పప్పుతో పెట్టండి. నోరు పూసినన్నాళ్లూ ఊరిబిండి, ఎర్రకారం పక్కన పెట్టాల్సిందే.

నోరు ఇనుము రుచి అంటుంటే స్టీలు చెంచా మార్చి చెక్కదో ప్లాస్టిక్‌దో ఇవ్వండి.

కణాలు తక్కువున్న వారంలో: హాఫ్ బాయిల్ గుడ్డు, బయటి చట్నీ, కోసి అమ్మే పండ్లు, చెరుకురసం వద్దు. మామిడి, అరటి, కమలా ఇంట్లో కడిగి, తొక్క తీసి ఇవ్వొచ్చు. పెరుగు కాచిన పాలతో ఇంట్లో తోడువేసింది, ఆ రోజుది. చుట్టాలు కొండ నుంచి తెచ్చిన లడ్డూ తాజాదైతే చిటికెడు పెట్టండి, షుగర్ చూసుకుని. కాచని తీర్థం మాత్రం కళ్లకద్దుకుని వదిలేయండి.

చక్కెర, అన్నం తింటే గడ్డ పెరుగుతుందని తిండి మాన్పించే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి అది చేయకండి. కీమో మధ్యలో బరువు తగ్గితే మందు తట్టుకునే శక్తే పోతుంది. వారానికోసారి, ఒకే వేళకు, ఒకే రకం బట్టల్లో తూచండి. 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గితే చూస్తూ ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

పసరు మందు ఎవరో తెచ్చిస్తారు. ప్రేమతోనే తెస్తారు. దాచి వాడొద్దు, సీసా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. కీమోను శుద్ధి చేయాల్సింది కాలేయం, కిడ్నీలే. ఆ పసరు వాటి మీద పడితే కీమో ఆపాల్సి వస్తుంది.

నోటికి: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వంట సోడా. బట్టల సోడాతో పొరబడకండి. తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందు పుక్కిలించి ఉమ్మాలి. ఏ రోజుకారోజు కొత్తగా కలపండి. ఘాటైన మౌత్‌వాష్‌లు మంట పుట్టిస్తాయి. నాలుక మీద తెల్లటి పెరుగులాంటి పూత కనిపిస్తే అది ఫంగస్ కావొచ్చు, మందు వేరు.

విరేచనాలు మామూలు కంటే నాలుగుసార్లు మించితే ఫోన్ చేయండి. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటల్లో వాడాలి. గ్లాసులో కాస్త కాస్త వేసి కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. నీళ్లు కూడా ఇమడకుండా ఒక రోజు గడిస్తే ఆసుపత్రికే.

6. నొప్పి

"ఎలా ఉంది?" అంటే "పర్వాలేదు" అంటారు. అలా అడగొద్దు. "సున్నా అంటే లేదు, పది అంటే భరించలేనంత. ఇప్పుడెంత?" అని అడిగి అంకె రాయండి.

నొప్పి మందు గడియారం చూసి ఇవ్వాలి. వచ్చాక ఇద్దామని ఆగితే, అది ముదిరాక ఎక్కువ మందు కావాల్సి వస్తుంది. మార్ఫిన్ రాశారంటే చివరి రోజులని అర్థం కాదు. నొప్పికి వాడితే వ్యసనమవుతుందన్న భయంతో ఇంట్లోవాళ్లే సగం మాత్ర ఇచ్చి ఆ మనిషిని రాత్రంతా మూలిగేలా చేయడం చాలా చోట్ల జరుగుతోంది. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు, విరేచనం మందు మొదటి రోజు నుంచే కలిపి ఇవ్వమని అడగండి. నెమ్మదిగా పనిచేసే మాత్రలు విరిచి, నూరి ఇవ్వకూడదు. ఒంటికి అతికించే నొప్పి పట్టీ ఉంటే దాని మీద వేడినీళ్ల సంచి పెట్టొద్దు. మందు తాళం వేసి దాచండి. పిలిచినా లేవకుండా ఊపిరి బాగా నెమ్మదిస్తే వెంటనే 108.

జ్వరం కాక, రాత్రైనా ఆగకూడనివి ఇంకొన్ని: కొత్తగా నడుంనొప్పి వచ్చి కాళ్లు పట్టుతప్పడం, మూత్రం ఆగిపోవడం, ఒక కాలు మాత్రమే వాయడం, ఆయాసం, ఆగని రక్తం, ఫిట్స్. ఇవి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

7. రేడియేషన్, జుట్టు

రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజులు, కొన్ని వారాల పాటు. మధ్యలో మానకూడదు. దూరం ఊళ్లవాళ్లు రోజూ తిరగడం కంటే గది తీసుకోవడమే మంచిది. పండగ రద్దీలో గదులు దొరకవు, తేదీ తెలిసిన రోజే చూసుకోండి. ఒంటి మీద గీసిన గుర్తులు రుద్దకండి. ఆ చోట పసుపు, గంధం, నూనె, పౌడరు ఏవీ పూయొద్దు. డాక్టరు రాసిన క్రీమ్ మాత్రమే.

జుట్టు రాల్చే కీమో అయితే 2, 3 వారాలకు రాలడం మొదలవుతుంది. దిండు మీద కుచ్చులు కుచ్చులుగా చూడటం చాలా కష్టం. ముందే తీయించేస్తే ఆ బాధ తగ్గుతుంది. తిరుపతిలో గుండుతో నడిచే ఆడమనిషిని ఎవరూ తిరిగి చూడరు, ఈ ఊళ్లో అదొక ఊరట. అయితే కణాలు తగ్గిన రోజుల్లో కత్తి తగలకూడదు. ఇంట్లోనే ట్రిమ్మర్‌తో తీయండి. కళ్యాణకట్ట మొక్కు, అలిపిరి నుంచి 3,550 మెట్ల మొక్కు వైద్యం అయ్యాక డాక్టరు సరేనన్నప్పుడు తీర్చుకోవచ్చు.

8. చెప్పాలా, వద్దా

ఆసుపత్రి బోర్డు మీద తెలుగులో క్యాన్సర్ అని రాసి ఉంటుంది. పక్క మంచం మనిషి "మీకెక్కడ?" అని అడుగుతుంది. "అల్సర్" అని మీరు చెప్పిన అబద్ధం అక్కడితో తెలిసిపోతుంది. ఆ తర్వాత అమ్మ తెలియనట్టు నటిస్తుంది, మీరూ నటిస్తారు. భయం చెప్పుకోవడానికి ఆమెకు ఇంట్లో ఎవరూ మిగలరు.

అందుకని ఎంత తెలుసుకోవాలో ఆమెనే అడగండి: "అమ్మా, డాక్టరు పరీక్షల సంగతి చెప్పారు. అన్నీ చెప్పమంటావా, ముఖ్యమైనవి చాలా?" "మీరే చూసుకోండి నాయనా" అంటే అది ఆమె కోరిక, గౌరవించండి. పది రోజులకు మళ్లీ ఒకసారి అడగండి. "నేను బతుకుతానా?" అని అడిగినప్పుడు "ఛీ, అవేం మాటలు" అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని "ఏం తలుచుకుంటే భయంగా ఉంది?" అనండి. ఎక్కువసార్లు జవాబు చావు గురించి ఉండదు. చెల్లెలి పెళ్లి గురించో, పొలం కాగితాల గురించో, ఆవులను ఎవరు చూస్తారన్న దిగులో ఉంటుంది. వాటికి మీరు ఏదైనా చేయగలరు.

9. పని పంచండి

"ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్లకు పని పేరు, రోజు, వేళ చెప్పండి. "మామా, గురువారం పొద్దున 7కు రక్తపరీక్షకు తీసుకెళ్లాలి, మీరు వెళ్లగలరా?" అలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. బెంగళూరులో ఉన్న అన్న, అమెరికాలో ఉన్న చెల్లెలు పక్కన కూర్చోలేరు గానీ, బీమా కాగితాలు, ఆసుపత్రి ఫోన్లు, ఆన్‌లైన్ మందులు చూడగలరు.

చుట్టాలకు రోజుకు ఒక్క మెసేజ్, పంపేది ఒక్కరే: "ఈ రోజు నాయనకు జ్వరం లేదు, కొంచెం తిన్నారు. తర్వాతి కీమో 18న. ఈ వారం చూడటానికి రావొద్దు, ఫోన్‌లో మాట్లాడండి, సాయంత్రం 5 నుంచి 6." ఇరవై ఫోన్లు తగ్గుతాయి. ఖర్చు పుస్తకం వెనక పేజీల్లో రాసి, నెలాఖరున ఫోటో తీసి తోబుట్టువులందరికీ పంపండి. తర్వాత వచ్చే గొడవల్లో సగం ఈ ఒక్క ఫోటోతో ఆగుతాయి.

ఒక మాట గట్టిగానే చెప్పాలి. చాలా ఇళ్లలో పేరు కొడుకుది, చాకిరీ కోడలిదో పెళ్లికాని కూతురిదో. గిన్నె ఎత్తడం, బట్టలు ఉతకడం, రాత్రి లేవడం కూడా పనుల జాబితాలో పేర్లతో రాసి పంచుకోండి.

10. మీ ఒళ్లు

రాత్రి కాపలా ఒక్కరే మోయకండి. రోజు విడిచి రోజు మార్చుకోండి. మార్చుకునే మనిషి లేకపోతే మంచం పక్కన గంట పెట్టి, పక్క గదిలో పడుకోండి. మీ బీపీ, షుగర్ మాత్రలకు ఇంకో డబ్బా కొని రోగి మాత్రల డబ్బా పక్కనే పెట్టండి. పక్కలోంచి లేపేటప్పుడు చేతులు పట్టి లాగొద్దు. ముందు పక్కకు తిప్పి, కాళ్లు కిందికి దించి, నడుముకు కట్టిన తువ్వాలు పట్టుకుని, మీ మోకాళ్లు వంచి లేపండి. లేకపోతే నెల తిరిగేసరికి మీకు నడుంనొప్పి ఖాయం.

కోపం వస్తుంది. కష్టపడి చేసిన జావ పక్కకు తోసేసినప్పుడు అరిచేస్తారు, తర్వాత ఏడుస్తారు. అరవబోతున్నామనిపించగానే గ్లాసు కింద పెట్టి, "అయిదు నిమిషాల్లో వస్తా" అని చెప్పి బయటకు వెళ్లండి. అరిచేసి ఉంటే సాయంత్రం "అలిసిపోయి అన్నానమ్మా" అని చెప్పండి, వాళ్లు అర్థం చేసుకుంటారు.

రెండు వారాలుగా నిద్ర పట్టకపోతే, దేని మీదా మనసు లేకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు.

పని కుదిరిందో లేదో చూసుకోవడం

ఎర్రగీత వారం కాని ఒక ఆదివారం పుస్తకం, మాత్రల డబ్బా ఇంకొకరి చేతికిచ్చి నాలుగు గంటలు బయటకు వెళ్లండి. ఏమీ చెప్పకుండా వెళ్లండి. నిజంగా అవసరమైతే పక్కింటివాళ్ల ద్వారా కబురు చేరేలా ఏర్పాటు చేసుకోండి. తిరిగొచ్చాక వాళ్లనే అడగండి: ఎక్కడ తికమకపడ్డారు? ఏ మాత్ర ఎప్పుడన్నది తెలియలేదా, థర్మామీటరు కనపడలేదా, ఎవరికి ఫోన్ చేయాలో రాసి లేదా? వాళ్లు చెప్పినవి ఆ రాత్రే పుస్తకంలో మొదటి పేజీలో చేర్చండి. మళ్లీ వచ్చే ఆదివారం వాళ్లకే ఇచ్చి వెళ్లండి.